వయసు మరణకారణం కాదు: రక్తంలో ఇన్‌ఫెక్షన్ సోకిన పెద్దల పక్షాన ఒక ప్రణాళిక

రక్తంలోకి బ్యాక్టీరియా చేరి పెద్దవాళ్లు కన్నుమూసినప్పుడల్లా 'వయసైపోయింది, ఏం చేస్తాం' అని ఇల్లూ ఆసుపత్రీ సరిపెట్టుకుంటున్నాయి. ఈ సరిపెట్టుకోవడానికి మేం ఒప్పుకోం. ఇలాంటి ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణాల మీదికి తెచ్చే స్థితైన సెప్సిస్‌ను ప్రపంచ ప్రాధాన్యంగా గుర్తించాలని ప్రపంచ ఆరోగ్య సభ 2017లో తీర్మానించింది. పరిశోధకుల అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడే సెప్సిస్‌తో 1.1 కోట్ల మంది పోయారు. ఆ తీర్మానం మన గడపల దాకా రావాలన్నదే మా సంకల్పం. అమ్మానాన్నల మంచం పక్కన రాత్రంతా కూర్చున్నవారెవరైనా ఈ దారిలో మాకు తోడే.

1. జ్వరం లేదని ధీమా పడే రోజులు ముగియాలి. పెద్ద వయసులో రక్తం నిండా క్రిములున్నా ఒళ్లు కాలకపోవచ్చు. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన అమ్మమ్మ ఇవాళ తికమకపడుతుంటే, తాతయ్య లేవబోయి కూలబడితే, రెండు పూటలుగా ముద్ద దిగకపోతే, ఊపిరి వేగం పెరిగితే ముసలితనమని తోసేయకూడదు. ఈ గుర్తులు తెలియని ఆశా కార్యకర్త ఉండని రోజు రావాలి. 'నాన్న మాట తేడాగా ఉంది' అని అమెరికా నుంచి వీడియో కాల్‌లో కూతురు పసిగడితే, ఊళ్లో ఉన్నవాళ్లు ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి.

2. తన రక్తంలో ఏ క్రిమి ఉందో తెలుసుకోవడం రోగి హక్కు. పెద్దల్లో ఎక్కువగా కనిపించేది మూత్రనాళం నుంచి పాకే ఈ.కోలై. స్టాఫ్ ఆరియస్ పడకపుండ్ల నుంచో, సెలైన్ సూది పెట్టిన చోటు నుంచో వస్తుంది, చాలా ప్రాణాంతకం. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రెండు చోట్ల నుంచి బ్లడ్ కల్చర్ తీయాలి, సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. ఆ నెపంతో మందు మాత్రం ఆగకూడదు. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న మనిషికి గంటలోపే అందాలి. ఊళ్లలో మొదట పిలిచేది ఆర్ఎంపీనే. వారిని దోషులుగా నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. ఏదో ఒక ఇంజెక్షన్ పొడవకుండా ఆసుపత్రికి దారి చూపే తొలి కాపలాదారులుగా వారిని కలుపుకుంటాం.

3. ఎక్కువ రోజుల మందు ఎక్కువ మేలు చేస్తుందన్నది భ్రమ. ఏడు దేశాల్లో 3,600 మందికి పైగా రోగులతో జరిగి, 2024లో వెలువడిన బ్యాలెన్స్ పరిశోధనలో, రక్తంలో ఇన్‌ఫెక్షన్‌కు 7 రోజుల యాంటీబయాటిక్ చికిత్స 14 రోజులదానికి తీసిపోలేదు. స్టాఫ్ ఆరియస్ సోకినవారిని అందులో చేర్చలేదు, అది వేరే లెక్క. మంచానికి అతుక్కున్న ప్రతి రోజూ పెద్దవాళ్ల కాళ్లలో సత్తువ హరించుకుపోతుంది కనుక, అక్కర్లేని వారాన్ని వారికి తిరిగి ఇవ్వాలి.

4. ప్రాణం దక్కితే చాలదు. మా నమ్మకాలన్నిటికీ మూలం ఇదే. తీవ్ర సెప్సిస్ నుంచి బయటపడ్డ అమెరికన్ వృద్ధులపై 2010లో వచ్చిన అధ్యయనంలో, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన మేధోలోపం ఉన్నవారు జబ్బుకు ముందు సుమారు 6 శాతం, తర్వాత 17 శాతం. డిశ్చార్జి కాగితం మీద 'కోలుకున్నారు' అని రాసిన మనిషి ఇంటికొచ్చాక తన స్నానం తాను చేయలేకపోతే ఆ మాటకు విలువేముంది? మేం కోరే రేపట్లో 90వ రోజున ఎవరో ఒకరు తలుపు తట్టి అడుగుతారు: నడుస్తున్నారా, నిద్రపడుతోందా, మనుషుల్ని గుర్తుపడుతున్నారా అని. ఫిజియోథెరపీ వార్డులోనే మొదలవుతుంది. వెంటిలేటర్ వద్దనుకునే పెద్దావిడ మాటా అక్కడ చెల్లుతుంది. వెంటిలేటర్ కావాలా వద్దా అన్న ప్రశ్న పిల్లల కంటే ముందు ఆమెనే అడుగుతారు.

5. నివారణ సంగతి క్లుప్తంగా: యూరిన్ పైపు అవసరం తీరిన రోజే తీసేయాలి, మంచాన ఉన్నవారిని పక్కకు తిప్పుతుండాలి, న్యుమోకోకల్ టీకా పేదింటి పెద్దకూ అందాలి.

తొలి అడుగుగా, రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో చేరిన 60 దాటినవారు 90వ రోజుకు ఎలా ఉన్నారో ప్రతి జిల్లా ఆసుపత్రీ ఏటా ప్రజల ముందు పెట్టాలని అర్జీ ఇస్తున్నాం. మీ జిల్లా అర్జీ మీద మీ సంతకం కావాలి.