ఇంట్లో బీరు కుళాయా?

బెంగుళూరులో డ్రాఫ్ట్ బీరు రుచి మరిగినవారికి మదనపల్లెలోనో, కుప్పంలోనో కట్టుకున్న ఇంట్లో కూడా అలాంటి కుళాయి బిగించుకోవాలన్న ముచ్చట కలగవచ్చు. ఎవరి డబ్బు వారిష్టం. కాని పీపాలోని బీరును కుళాయిదాకా నెట్టేది సిలిండరులోని బొగ్గుపులుసు వాయువన్న సంగతి మరువరాదు. పాడుబావిలో దిగినవారిని పొట్టనబెట్టుకునే వాయువుల్లో ఇదొకటి. వంటగ్యాసు మాదిరి వాసనతో హెచ్చరించదు. గాలికంటే బరువు కావడంతో నేలబారున పేరుకుంటుంది. ఏసీ కోసం తలుపులు మూసిన గదిలో కారితే చాపమీద పడుకున్న పిల్లలకే ముందు ముప్పు. సిలిండరును గాలాడే వరండాలో, గోడకు గొలుసుతో నిలువుగా కట్టించి తీరాలి.

ఇక పీపా సంగతి. సీసా ఖాళీ అయితే లేచి భోజనానికి వెళతారు. 20 లీటర్ల పీపా లేవనివ్వదు. 3, 4 డిగ్రీల చల్లదనం తప్పితే గ్లాసులోకి నురగే వస్తుంది. కరెంటు పోయిన రాత్రి, పాడైపోతుందేమోనని మరో రెండు గ్లాసులు! పుంగనూరు పల్లెల్లో కల్లు తాగేవారైనా ఏ పూటది ఆ పూటే తాగి ఇల్లు చేరతారు. రెండు వారాలకొకసారి గొట్టాలు కడగాలి. ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో ఇంటి ఆడవారిని అడిగి చూడండి. పైగా కర్ణాటక నుంచి పీపాను అనుమతి లేకుండా సరిహద్దు దాటిస్తే, ఎక్సైజు వారు కారును కూడా పట్టుకుంటారు.