ముందు నీటి దారి, ఆ తర్వాతే ప్లాటు

2025 ఆగస్టు 27న కామారెడ్డి జిల్లా రాజంపేట మండలంలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి పట్టణంలో జీఆర్ కాలనీ వీధులు వాగులయ్యాయి, ఇళ్ల ముందు నిలిపిన కార్లు కొట్టుకుపోయాయి. అంత వానకు ఏ ఊరైనా తల్లడిల్లుతుంది, కాదనలేం. అయినా వరద వస్తే నీళ్లు ఎటు మళ్లుతాయో ప్రతి ఊళ్లోనూ పాతవాళ్లకు తెలుసు. లేఅవుట్ గీసేవాళ్లే వాళ్లను అడగరు. నిజామాబాద్, బోధన్‌లలో కొత్త కాలనీలకు అనుమతులిస్తున్న తీరు చూస్తే మన వంతు కూడా ఎంతో దూరంలో లేదనిపిస్తోంది.

ఇది నీటి లెక్కతో మలిచిన నేల. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ను 2,75,000 ఎకరాల ఆయకట్టు కోసం కట్టారు. ప్రధాన కాల్వ, దాని డిస్ట్రిబ్యూటరీలు, తూములు, పంట కాల్వలు, మిగులు నీళ్లు దిగిపోయే ఒర్రెలు అన్నీ వాలు చూసుకొని తీసినవే. ఆ నీళ్లతో పండిన చెరకే బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని నడిపింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీ మూశారు. చెరకు పోయిన చోట వరి వచ్చింది. రోడ్డుకు ఆనుకొని ఉన్న చోట వరి కూడా పోయి తెల్ల సున్నం వేసిన కడీలు లేచాయి.

ఆ కడీల మధ్య జరిగేది ఒకసారి దగ్గరగా చూడాలి. ముందు మొరం దిగుతుంది. పొలం అమ్ముడుపోయింది కనుక పంట కాల్వతో పని లేదనుకొని దాన్ని పూడ్చేస్తారు. కానీ పై పొలాల మిగులు నీరు దిగేది ఆ దారినే. తూము నోటికి మట్టి అడ్డం పడితే నీళ్లు వెనక్కి తన్ని పక్క రైతు మడిలో నిలుస్తాయి, లేదంటే కొత్త వీధుల్లోకి వస్తాయి. తర్వాత ఇళ్లు లేస్తాయి. ఒకరు మూడడుగుల బేస్‌మెంట్ వేస్తే, వచ్చే ఏడు పక్కవాళ్లు నాలుగడుగులు వేస్తారు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు. మొదట కట్టుకున్న మనిషి గడప రోడ్డు కన్నా కిందికి పోతుంది. కారు లోపలికి రావడానికి ప్రతి ఇంటి ముందూ మోరీ మీద సిమెంటు ర్యాంపు, దాని కింద పూడిక. మున్సిపాలిటీ పనివాళ్లు పార పెట్టడానికి కూడా సందు ఉండదు.

నియమాలు లేవా అంటే ఉన్నాయి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆ పైబడిన చెరువుకు నిండు నీటి మట్టం (ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పున్న కాల్వకు, వాగుకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ జాగా ఉండాలి. అయితే ఈ కొలతలు పనికిరావాలంటే వాగు హద్దు ఎక్కడో ముందు తేలాలి. నేల మీద రాయి లేకపోతే 9 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు?

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఇల్లు కట్టుకునేవారికి మేలే చేసింది. 75 గజాల లోపు స్థలంలో రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలు, 600 గజాల దాకా స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. టేబుళ్ల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, దాన్ని వెనక్కి తిప్పమని ఎవరూ కోరకూడదు. అయితే ఇంటి దగ్గర తనిఖీ తగ్గిందంటే లేఅవుట్ దగ్గర రెట్టింపు కావాలి. పునాది పడ్డాక వాగును వెతికితే లాభం లేదు. తప్పు దిద్దగలిగేది ప్లాటు అమ్మకముందే.

ఆ పని చేయనందుకు మనం కట్టిన మూల్యం పేరు లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ఎల్‌ఆర్‌ఎస్. 2020లో రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పార్కుకు జాగా వదలని లేఅవుట్‌లో కొన్నవారిని ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. ఎంత కట్టినా ఆ కాలనీలో పార్కు పుట్టదు, పూడిన కాల్వ తెరుచుకోదు. వెంచర్ వేసినవాడు లాభం తీసుకొని ఎప్పుడో వెళ్లిపోయాడు. జీతంలో మిగిల్చి, గల్ఫ్ నుంచి పంపిన పైసలు కూడబెట్టి కొన్న కుటుంబమే రెండోసారి చెల్లించింది. ఇలాంటి క్రమబద్ధీకరణ ఇకపై ఉండకూడదు.

కొత్త లేఅవుట్ ఏదైనా నీటి పరీక్ష నెగ్గాకే ప్లాటు అమ్మనివ్వాలి. వాన నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో, ఏ పంట కాల్వ ఎక్కడ కలుస్తుందో చూపే పటం మీద నీటిపారుదల శాఖ ఇంజినీరు పేరు, హోదాతో సంతకం ఉండాలి. లేఅవుట్‌లో ఒక మట్టపు రాయి పాతి రోడ్డు ఎత్తు, ఇళ్ల బేస్‌మెంట్ ఎత్తు దాన్ని బట్టే ఖరారు చేయాలి. మోరీ మీద తీసి పెట్టుకునే జాలీలు తప్ప పోత ర్యాంపులు వద్దు. నెదర్లాండ్స్‌లో నగర ప్రణాళికలకు నీటి యాజమాన్య సంస్థ అభిప్రాయం తీసుకోవడం 2003 నుంచి తప్పనిసరి. నీటి మీదే బతికే మన జిల్లాకు అది గొంతెమ్మ కోరిక కాదు.

ఇవన్నీ ఖర్చు పెంచుతాయని వెంచర్ల వాళ్లు అంటారు. పెంచుతాయి, కొంత. ఆ ఖర్చు మొదట్లోనే లెక్కలో పడితే కొనేవాడు చూసి కొంటాడు. ఇప్పుడది అతని ఇంట్లో మోకాలి లోతు నీళ్లుగా వస్తోంది.

అలాగని గదిలో కూర్చుని జోన్లు గీస్తే జనం ఒప్పుకోరు. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లోకి పోయాయని తెలిసి చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరికి మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను వద్దని తీర్మానించింది. నిజామాబాద్ నగరాభివృద్ధి సంస్థ నుడా 2017లో ఏర్పడింది. అది చేసే ప్రతి జోన్ మార్పు, వచ్చే ప్రతి లేఅవుట్ దరఖాస్తు సర్వే నంబర్లతో సహా తెలుగులోనూ ఉర్దూలోనూ గ్రామ పంచాయతీ, వార్డు కార్యాలయాల గోడ మీద కనీసం నెల రోజులు ఉండాలి. అభ్యంతరం చెప్పినవారికి రాతపూర్వకంగా జవాబివ్వాలి.

వచ్చే వానాకాలం లోపు నీటిపారుదల, రెవెన్యూ, మున్సిపల్ శాఖలు, నుడా కలిసి నిజామాబాద్ పూలాంగ్ వాగుకు, బోధన్ చుట్టూ ఉన్న చెరువులకు, కాల్వలకు హద్దు రాళ్లు పాతాలి. అవి పడేదాకా వాటిని ఆనుకొని ఉన్న సర్వే నంబర్లలో ఒక్క కొత్త లేఅవుట్‌కూ అనుమతి ఇవ్వకూడదు.