సేవకు జీతమా?

'సేవ' అన్న మాటకు మన భాషలో ఉన్న గౌరవం 'ఊడిగా'నికి లేదు. రెండూ యజమాని ముందు చేతులు కట్టుకు నిలబడ్డవాడి పనిని చెప్పిన మాటలే. మొదటిది గుడికెక్కింది, రెండోది గడప బయటే ఉండిపోయింది. ధర్మసంస్థల యాజమాన్యాలు ఉద్యోగుల చేత ఊడిగం చేయించుకుంటూ దాన్ని సేవ అని పిలుస్తున్నాయన్నదే నా అభియోగం.

నా దగ్గర ఎం.ఏ. చదివి ట్రస్టులలో చేరినవాళ్లు కొందరున్నారు. పొద్దున పల్లెకు పోయి సర్వే రాయాలి, మధ్యాహ్నం బియ్యం పంచాలి, రాత్రి నివేదిక తయారుచేయాలి. పంచేటప్పుడు సంచీ మీది దాత పేరు కనబడేటట్లు ముసలమ్మ చేత పట్టించి ఫోటో తీయాలి. ఆమె నవ్వకపోతే మళ్లీ తీయాలి. (ఇంటింటా ముష్టెత్తే రోజుల్లో కూడా గుప్పెడు గింజలకు ఇంత నిర్బంధం లేదు.) జీతం పెంచమంటే మాత్రం 'మీరు సేవకు వచ్చారా, సంపాదనకు వచ్చారా?' అని ప్రశ్న! ఆఫీసు భవనానికి అద్దె గుంజేవాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

జీతాలు పెంచితే బీదలకు చేరే సొమ్ము తగ్గిపోదా అంటారు. తగ్గవచ్చు. ఆ లోటును ఇప్పుడు పూడుస్తున్నదెవరు? తన పిల్లల ఫీజులోంచి ఉద్యోగి పూడుస్తున్నాడు. దానం అతనిది, శిలాఫలకం మీద పేరు మరొకరిది.

1978లో బెంగుళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ చిక్కు విప్పింది. ప్రేమకొద్దీ ఉచితంగా పనిచేసేవారిని జస్టిస్ కృష్ణయ్యర్ వేరుగా ఉంచారు. జీతగాళ్లను పెట్టుకుని నడిచే ధర్మసంస్థను మాత్రం పరిశ్రమగానే లెక్కించారు. యజమాని పుణ్యాత్ముడైనంత మాత్రాన పనివాడి హక్కు పోదన్నమాట. 1982లో పార్లమెంటు ఇటువంటి సంస్థలను మినహాయిస్తూ సవరణ చేసింది గాని, అది అమలుకు రాలేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ మినహాయింపును తిరిగి తెచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమలులో పెట్టారు. కనీస వేతనాల నిబంధనలు వేరే ఉన్న మాట నిజమే. కాని అన్యాయంగా తీసివేయబడ్డవాడు పారిశ్రామిక వివాదం లేవదీసి ట్రిబ్యునల్ మెట్లెక్కే దారి మూసుకుపోయింది.

మన కథకులకైనా ఇది పట్టిందా? ట్రస్టులో పనిచేసేవాడు మన కథల్లో అయితే త్యాగమూర్తి, కాకపోతే దొంగ. అతణ్ణి కార్మికుడిగా చూసిన కథ నాకింతవరకు తారసపడలేదు.

చేరమంటారా, వద్దంటారా అని విద్యార్థులు అడుగుతారు. చేరమనే చెబుతున్నాను. నియామకపు ఉత్తరం అడిగి తీసుకోమనీ, పనిగంటలు అందులో రాయించుకోమనీ, ఆ ముసలమ్మ వద్దంటే ఫోటో తీయవద్దనీ కూడా చెబుతున్నాను.