శిథిలములు పిల్లలకు విసుగు కలిగించునా?

సంపాదక మహాశయా,

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమువరకు సకుటుంబముగా సాగించిన తీరయాత్రను గూర్చి గత సంచికలో వెలువడిన వ్యాసము చదువ సొంపుగానే యున్నది గాని, ఇసుకలో ఆడుకొనిన పిల్లల ఆనందమును అంత విపులముగా వర్ణించిన వ్యాసకర్త, తొట్లకొండను మాత్రము రాళ్లగుట్టయని ఒక్కమాటతో త్రోసివేయుట నాకు మిక్కిలి బాధ కలిగించినది.

1988 మొదలు 1993 వరకు జరిగిన త్రవ్వకములలో స్తూపములతోడను విహారములతోడను బయల్పడిన ఆ బౌద్ధక్షేత్రమున శాతవాహనుల సీసపు నాణెములేగాక రోమకుల వెండి నాణెములును లభించినవని చెప్పి, ఎదుట పరచుకొన్న సముద్రమును చూపి, ఆ నాణెములు ఏ త్రోవను వచ్చియుండునో ఊహింపుమన్నచో ఏ బాలుడు విసుగుకొనును? మా పిల్లలు రాతిలో తొలిచిన నీటితొట్టి యంచున చతికిలబడి, వాననీరు ఏ వాలునబడి లోనికి దిగునో వ్రేళ్లతో జాడదీయుచు, ఎంత పిలిచినను లేచి రారైరి.

భీమునిపట్టణమందలి డచ్చివారి సమాధుల ప్రస్తావనయే వ్యాసమున లేదు. పదిహేడవ శతాబ్దమున వర్తకమునకై వచ్చి, స్వదేశమునకు మరలిపోజాలక ఇచ్చటనే కన్నుమూసినవారి పేరులు ఆ రాళ్లపై చెక్కబడి, ఉప్పుగాలికి అరుగుచున్నవి. పిల్లలతో పోవువారు ఎండ ముదురకమునుపే, సముద్రస్నానమునకు ముందుగా, అటు వెళ్లుట మేలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయనగరము