ఖండించినందుకు సన్మానమా?



పోయిన ఆదివారం మీ పత్రిక సంపాదకీయం పేజీలో వచ్చిన వ్యాసం చదివాక ఊరకుండలేక రాస్తున్నాను. ఉగ్రవాదంపై అంతర్జాతీయ సంస్థలు ‘సమర్థంగా’ స్పందించాయట. రుజువులేమిటయ్యా అంటే తీర్మానాలు, సమావేశాలు, ఖండన ప్రకటనలు. చావింటికి వచ్చి పలకరించిపోయిన వాళ్లనూ, పాడె మోసిన వాళ్లనూ ఒకే లెక్కలో రాస్తే ఎట్లా?

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలినప్పుడు మా చెల్లెలి కొడుకు ఆ బస్టాపు దగ్గరే ఉన్నాడు. వాళ్లది ఎమ్మిగనూరులో మగ్గం మీద బతికే ఇల్లు. అప్పు చేసి కోచింగ్‌కు పంపినారు. పిల్లోడు ప్రాణాలతో బయటపడ్డాడు గానీ ఎడమ చెవి పోయింది. పెద్దాసుపత్రి నిండిపోయిందని ఎవరో చిన్న క్లినిక్‌లో కట్టు కట్టిస్తే, మర్నాడే బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. అదే వాడు చేసిన నేరం. ఆసుపత్రిలో పడుకోలేదు కాబట్టి క్షతగాత్రుల జాబితాలో పేరెక్కలేదు. పేరు లేదు కాబట్టి పరిహారం లేదు. పేలుడు చూసి ఇంటికి పరుగెత్తకుండా ముందు జాబితా ఎవరు రాస్తున్నారో కనుక్కోవాలని పద్దెనిమిదేళ్ల పిల్లోడికి ఎట్లా తెలుస్తుంది?

సరే, అర్జీలు పెట్టాం. అంతలో 2014లో రాష్ట్రం రెండైంది. ఇక్కడి ఆఫీసులో ‘సంఘటన వేరే రాష్ట్రంలో జరిగింది’ అంటారు. అక్కడి ఆఫీసులో ‘మనిషి వేరే రాష్ట్రం వాడు’ అంటారు. చెవి మాత్రం ఏ రాష్ట్రానికీ చెందకుండా పోయింది. ఐక్యరాజ్యసమితి ఏటా ఆగస్టు 21న ఉగ్రవాద బాధితులను స్మరిస్తుందని మీ రచయిత మురిసిపోయారు. ఆ స్మరణ మా వీధి దాకా రాలేదని మనవి.

దేశాలూ ఇట్లాగే ఒకరి మీదికి ఒకరు తోసుకుంటున్నాయి. ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందం చేసుకుందామని భారత్ 1996లోనే ప్రతిపాదించింది. ఉగ్రవాది అని ఎవరిని అనాలో తేలక అది ఇప్పటికీ నలుగుతూనే ఉంది. పాకిస్తాన్ ఉగ్రవాద నేత మసూద్ అజర్‌ను సమితి ఆంక్షల జాబితాలో చేర్చడానికి చైనా అడ్డుపుల్లలు దాటి 2019 మే ఒకటి దాకా ఆగాల్సి వచ్చింది. ఆదోనిలో రైలెక్కిన మనవాళ్లు దిగే ముంబై సీఎస్‌టీలో 2008 నవంబరు 26న ఉగ్రదాడిలో నెత్తురు పారింది. ఆ మరుసటి నెలే ఆ దాడి సూత్రధారి హఫీజ్ సయీద్ పేరు సమితి జాబితాలోకి ఎక్కింది. అయినా ఏళ్ల తరబడి సభలు పెట్టి ఉపన్యాసాలిచ్చాడు.

మరి అతణ్ణి కాస్తయినా కదిలించింది ఏది? ఉగ్రవాదులకు చేరే నిధులపై నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్! 2018 జూన్‌లో పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో (నిఘా జాబితాలో) పెట్టి అప్పులకు, పెట్టుబడులకు ఇబ్బంది తెచ్చిపెట్టాక, 2020 ఫిబ్రవరిలో లాహోర్ కోర్టు ఉగ్రవాదానికి నిధులు అందించిన కేసులో అతనికి శిక్ష వేసింది. జేబు మీద దెబ్బ పడితేనే కదలిక. మీ రచయిత దానికి రెండు వాక్యాలిచ్చి, ఖండన ప్రకటనలకు రెండు కాలమ్‌లు ఇచ్చారు. 2022 అక్టోబరులో ఆ లిస్టు నుంచి పాకిస్తాన్ బయటపడిన సంగతి అసలు రాయనే లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడిలో కావలి, విశాఖ వాళ్లు కూడా బలయ్యారు. అప్పుడు భద్రతా మండలి ఇచ్చిన ప్రకటనలో ఆ దాడితో ముడిపడిన ఉగ్రవాద సంస్థ టీఆర్‌ఎఫ్ పేరు లేదు. మండలిలో పాకిస్తాన్ సభ్యదేశంగా కూర్చుని ఉంటే ఎట్లా ఉంటుంది?

  

దిల్‌సుఖ్‌నగర్ కేసులో దోషి యాసిన్ భత్కల్ నేపాల్ సరిహద్దులో దొరికాడు. మిగతా నలుగురితో పాటు అతనికి పడిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖాయం చేసింది. మొదటి నిందితుడు రియాజ్ భత్కల్ మాత్రం ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు ఉన్నా ఇప్పటికీ దొరకలేదు. మీ రచయిత మళ్లీ రాస్తానంటే ఎందుకు దొరకలేదో దాని గురించే రాయమనండి. పేజీ అంతా ఇచ్చినా చదువుతాం.

— ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు