టాలర్‌కు ముందు ‘కంటే’

కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు పిల్లలు ఒడియాలో చదువుతూ ఇంగ్లీషు నేర్చుకుంటారు. ఇంటి తెలుగు గుమ్మం బయటే ఆగిపోతుంది. విశేషణాల తరతమ భేదాల పాఠమే చూడండి. ‘టాల్, టాలర్, టాలెస్ట్’ అని మూడు గళ్ళ పట్టికను వల్లె వేయిస్తారు. పరీక్షలో పిల్లవాడు ‘టాల్ దేన్ గోపి’ అని రాస్తాడు. ఎర్రగీత పడుతుంది.

ఆ తప్పు వెనుక తెలివే ఉందని నేనంటాను. రవి పొడుగు, గోపి కంటే పొడుగు, అందరిలోకీ పొడుగు. దేవమాలి ఒడిశా కొండలన్నిటిలోకీ ఎత్తు. తెలుగులో విశేషణం కదలదు. పోలికను ‘కంటే’, ‘లోకీ’ మోస్తాయి. ఒడియాలోనూ ‘ఠారు’ చేరుతుంది గాని ‘బడ’ బడగానే ఉంటుంది. ఇంగ్లీషు ‘దేన్’ పెట్టడమే గాక విశేషణానికీ తోక తగిలిస్తుంది. ఇది తెలుగులో చెబితే పిల్లవాడు కొత్తగా నేర్వవలసింది ఆ తోక ఒక్కటే. (‘గుడ్, బెటర్, బెస్ట్’ను మాత్రం బట్టీ పట్టక తప్పదు.)

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు జయపురం సీమ విశాఖ జిల్లా నుంచి అటు చేరింది. 1992లో కోరాపుట్ నుంచి రాయగడ విడివడింది. ఎల్లలు మారినా ఈ ఇళ్ళలో నుడి మారలేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లినుడిలో బోధించే వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. దానికోసం అడుగుతూనే ఉందాం. ఈలోగా ఇంగ్లీషు పంతులుగారిని నేను కోరేది చిన్నది: పట్టిక గీసేముందు ‘దీన్ని మీ ఇంట్లో ఎలా అంటారు?’ అని ఆ పిల్లలను అడగండి.