తుపాకీ మీద తాతయ్య పేరు

తుపాకీయే... కానీ పేల్చరు! అద్దాల బీరువాలో తళతళా మెరుస్తూ ఉంటుంది. దానిమీద బంగారు పూత, చెక్కిన యుద్ధ దృశ్యాలు, కొన్నిటి మీద ఓ మాజీ సైనికుడి పేరు.

అమెరికాలో ఇలాంటి స్మారక రైఫిళ్లు సేకరించడం చాలామందికి ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం... ఆయా యుద్ధాల్లో పోరాడినవారి గౌరవార్థం వీటిని పరిమిత సంఖ్యలో తయారుచేస్తారు. నాన్నకో తాతకో గుర్తుగా ఇంట్లో ఉండాలని కొనేవారు కొందరైతే, ముందు ముందు ధర పెరుగుతుందని కొనేవారు ఇంకొందరు. ఆ ఆశ అన్నిసార్లూ ఫలించదు. వించెస్టర్ కంపెనీ 1966లో తన వందేళ్ల పండుగకు తెచ్చిన స్మారక రైఫిల్‌నే తీసుకుంటే, లక్షకు పైగా తయారుచేసింది. అన్ని ఇళ్లలో ఉన్నదాన్ని అరుదైనదని ఎవరంటారు? పైగా పేల్చిన తుపాకీకి సేకర్తల దగ్గర విలువ తగ్గిపోతుంది.

మరి మన దగ్గరో? ఆ సరదాకు చోటు తక్కువ. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు తప్పనిసరి. 2019లో చేసిన సవరణతో సాధారణంగా ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. తాతల నుంచి వచ్చినవైనా లెక్క అంతే. ఇక సైనికుడు మోసిన రైఫిల్ సర్కారుది. ఇంటికొచ్చేటప్పుడు దాన్ని అప్పగించి రావాల్సిందే.

అందుకే మనకు తెలిసిన స్మారక రైఫిల్ ఇంట్లో ఉండదు, అందరి మధ్యా ఉంటుంది. తలకిందులుగా నిలబెట్టి, మీద హెల్మెట్ పెట్టిన రైఫిల్! 1971 యుద్ధంలో అమరులైనవారి కోసం ఢిల్లీలోని ఇండియా గేట్ దగ్గర దాన్ని నెలకొల్పారు. 1972 జనవరి 26న ఇందిరాగాంధీ అక్కడ నివాళులర్పించారు. 2022లో ఆ రైఫిల్‌నూ హెల్మెట్‌నూ జాతీయ యుద్ధ స్మారకానికి తరలించారు.

ఢిల్లీ దాకా ఎందుకు? రామచంద్రపురంలో బయల్దేరి మండపేట, రావులపాలెం, తణుకు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్తే, ఆ దగ్గర్లోనే మాధవరం ఉంది. అందరూ 'మిలటరీ మాధవరం' అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది. ఇప్పటికీ సైన్యంలో చేరడమంటే అక్కడ ఇంటి ఆనవాయితీ. ప్రాణాలు అర్పించినవారికి ఊళ్లోనే స్మారకం కట్టుకున్నారు.

మాధవరం అంత పేరు లేకపోయినా, పటాలంలో పనిచేసిన తాతయ్య ఉన్న ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా చాలానే ఉన్నాయి. ఆయన తెచ్చిన పతకాలు అటక మీది ట్రంకుపెట్టెలోనో, బీరువా అడుగునో ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి గుండ్రటి పతకమైతే అంచును ఓసారి వెలుతురులో తిప్పి చూడాలి. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అక్కడే చెక్కి ఉంటాయి. తళతళలాడాలని పౌడరు పెట్టి రుద్దితే ముందు అరిగిపోయేది ఆ అక్షరాలే! పాత సామాను వాడికి తూకానికి ఇచ్చేస్తే ఇక చెప్పేదేముంది?

తిరిగిరానివారి పేర్లకూ ఓ చోటుంది. బర్మా యుద్ధంలో చనిపోయి, సమాధి కూడా దొరకని దాదాపు 27 వేల మంది పేర్లు రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. వారిలో భారతీయులే ఎక్కువ. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో పేరు, దళం ఆధారంగా వెతుక్కోవచ్చు.

కాబట్టి ఈ ఆదివారం ఆ పెట్టె కిందికి దించండి. పతకం, డిశ్చార్జి పుస్తకం, యూనిఫాంలో దిగిన ఫొటో... అన్నీ ఒకచోట పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఏ దళం, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి ఫొటో వెనక రాయించండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పతకం అంచు మీది పేరు చదివించండి.

దానికి లైసెన్సు అక్కర్లేదు!